తొమ్మిది బై నాలుగు

రోడ్ల కార్యాలయంలో ట్రేసర్ అనే ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలియదు. ఇంజనీర్లు రోడ్ల మీద కొలతలు తీసి తెస్తారు, మేం బల్ల ముందు కూర్చుని పటాలు గీస్తాం. చేరిన కొత్తలో ట్రేసింగ్ కాగితం మీద నల్లసిరాతో గీసేదాన్ని. ఇప్పుడు కంప్యూటర్లో గీస్తున్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను గీసిన రోడ్లలో సగం కూడా కళ్ళతో చూడలేదు. అందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉందని, నేను చెప్పబోయే ఆ కార్తీకమాసపు శుక్రవారం దాకా నాకు తోచలేదు.

నెల్లూరు నుంచి ఉత్తరంగా కావలి వైపు పోయే పాత ట్రంకు రోడ్డు ఇప్పుడు ముక్కలుగా మిగిలింది. ఒకప్పుడు మద్రాసు నుంచి కలకత్తా పోవాలంటే అదే దారి. టపా బండ్లు, ఎడ్లబండ్లు, ఆ తర్వాత లారీలు దాని మీదే నడిచాయి. పెద్ద హైవే పడ్డాక లారీలన్నీ అటు మళ్ళాయి. పాత దారి ముక్కలు వరిపొలాల మధ్య, సముద్రం వైపు పల్లెలకు పోయే అడ్డదారులైపోయాయి. చేపల వ్యాన్లు, నాట్లకు పోయే కూలీల ఆటోలు, స్కూలు బస్సులు మాత్రం తిరుగుతుంటాయి. అలాంటి ఒక ముక్కను వెడల్పు చెయ్యడానికి ఆ ఏడాది మంజూరు వచ్చింది. దాని మీద ఉన్న పాత ఇటుక వంతెనల్లో ఏవి ఉంచాలి, ఏవి పడగొట్టాలి అని జాబితా తయారు చెయ్యమని నాకు అప్పగించారు.

నా చేతికొచ్చింది ఒక పాత రిజిస్టరుకు జిరాక్సు. అందులో ఒక వరసలో ఇలా ఉంది: "9/4. కమాను పగులు. తూర్పు పక్క ఇటుకలు రాలినవి. ప్రమాదకరం." మా భాషలో తొమ్మిది బై నాలుగు అంటే తొమ్మిది కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. నెల్లూరు నుంచి సరిగ్గా అంత దూరంలో వాగు మీద మూడు కమానుల వంతెన ఒకటి ఉంది. దానికెదురుగా "శిథిలం, తొలగించవచ్చు" అని టైపు చేశాను. "స్థలంలో పరిశీలించడమైనది" అన్న గడిలో, ఎప్పుడూ పెట్టినట్టే, టిక్కు పెట్టాను. మా ఇంజనీరు సారు ముప్పై దాటని మనిషి. నా మీద గురి ఉన్నవారు. చదవకుండానే సంతకం చేశారు.

శుక్రవారం పొద్దున పదిన్నరకు ఒక ముసలాయన మా గది గుమ్మంలో నిలబడ్డాడు. మూడురోజులుగా వాన పడి అప్పుడే తెరిపి ఇచ్చింది. ఆయన పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. పైన మాత్రం మా శాఖ వాళ్ళకు ఎప్పుడో ఇచ్చిన ఖాకీ చొక్కా. ఆ రోడ్డు మీద గుంటలు పూడ్చే గ్యాంగుకు ముప్పై ఏళ్ళు మేస్త్రిగా చేసి, విరమించి చాలా కాలమైందని చెప్పాడు.

"వంతెనల లెక్క రాసేది ఎవురు మా ఈడ?" అని అడిగాడు.

"నేనే. ఏం కావాలి మేస్త్రీ?"

"మూడు కమానుల వంతెన పగలగొడతాండారు. నిన్న సాయంత్రం మిషను దించినారు. పగిలిపోయిందని కాగితంలో ఉండాదంట. ఆ పగులు ఎవురు చూసినారు మా?"

"రిజిస్టర్లో ఉంది."

"రిజిస్టర్లో ఉంటే సరిపోతాదా? వంతెనలో గదా ఉండాల్సింది."

నాకు చిరాకు వేసింది. పక్క బల్లల వాళ్ళు వింటున్నారు. అర్జీ రాసిచ్చి వెళ్ళండి, సోమవారం సారు చూస్తారు అన్నాను. "సోమవారానికి చూసేదానికి ఆడ ఏముంటాది?" అని ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటబోతూ ఆగి, ఇంకో మాట అన్నాడు.

"పగిలిన వంతెన లేకపోలేదు మా. ఉండాది. అది ఇది కాదు. తొమ్మిదో మైలు రాయి దాటినాక నాలుగు ఫర్లాంగులకు ఉండాది. దాని మింద బస్సులు పోతానే ఉండాయి."

ఆయన వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేను పని మొదలుపెట్టాను గానీ చెయ్యి సాగలేదు. తొమ్మిది మైళ్ళు. నాలుగు ఫర్లాంగులు. తొమ్మిది బై నాలుగు.

రికార్డు గదికి పోయి అసలు రిజిస్టరు తీయించాను. అట్ట ఊడిపోయి, చెదలు తిన్న పుస్తకం. ఆ పేజీ తెరిచి, పైన చూశాను. ఎర్రసిరాతో, వెలిసిపోయి, రెండు పొట్టి అక్షరాలు: "మై." పక్కన "ఫ." మైళ్ళు, ఫర్లాంగులు. జిరాక్సు తీసినవాళ్ళు పేజీ పై అంచు సరిగా పెట్టలేదు. ఆ రెండు అక్షరాలు నా కాపీలోకి రాలేదు.

కాగితం మీద లెక్క వేశాను. తొమ్మిది మైళ్ళ నాలుగు ఫర్లాంగులంటే పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. అంటే పగిలిన వంతెన ఆరు కిలోమీటర్లు అవతల ఉంది. నేను రాసిన జాబితాలో దానికెదురుగా ఏముందో నాకు కంఠతా వచ్చు. "బాగున్నది. ఉంచవచ్చు."

అక్కడ నేను ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను. నా మనసులోకి మొదట వచ్చింది బస్సు కాదు. రిజిస్టరు మూసేస్తే ఎవరికీ తెలియదు కదా అన్న ఆలోచన వచ్చింది. సాయంత్రానికి మంచి వంతెన కూలిపోతుంది. కూలిన ఇటుకల్లో పగులు ఉన్నదీ లేనిదీ ఎవరు వెతుకుతారు? రెండో వంతెన సంగతి సోమవారం మెల్లగా, కొత్తగా కనిపెట్టినట్టు, ఒక నోట్ రాసి పెట్టొచ్చు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క మెమో లేదు నాకు. ఆ ఆలోచన అంత సాఫీగా, అంత తెలివిగా వచ్చినందుకు నా మీద నాకే భయం వేసింది.

కిటికీ బయట మళ్ళీ వాన మొదలైంది. బస్సులు పోతానే ఉండాయి అన్న మాట అప్పుడు చెవిలో పడినట్టయింది.

సారుకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. ఒక పాత కేసులో సాక్ష్యం చెప్పడానికి కావలి కోర్టుకు పోయారని ప్యూను చెప్పాడు. పైఅధికారి కార్యాలయానికి చేస్తే, నోట్ పెట్టండి అన్నారు. రిజిస్టరును పాలిథిన్ సంచిలో చుట్టి, చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చాను.

"మేస్త్రీ, నా బండెక్కండి" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. స్కూటీ వెనక ఎక్కి, రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు.

మూడు కమానుల వంతెన దగ్గరికి చేరేసరికి పన్నెండుంపావు. దూరం నుంచే పసుపుపచ్చ పొక్లెయిన్ చెయ్యి లేచి దిగుతూ కనిపించింది. పడమటి పక్క పిట్టగోడ సగం అప్పటికే వాగులో పడింది. పని చేయిస్తున్న సూపర్‌వైజరు ముప్పై అయిదేళ్ళవాడు, నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని గొడుగు లేకుండా నిలబడ్డాడు.

నేను అతన్ని పలకరించకుండా ముందు గట్టు దిగాను. మేస్త్రి నా వెనకే జారుతూ దిగాడు. మొదటిసారి ఆ వంతెనను కింది నుంచి చూశాను. మూడు కమానులు, సన్నటి ఇటుక, సున్నం గట్టిపడి రాయిలా ఉంది. చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా ఒక్క వెంట్రుకంత పగులు లేదు. వాగు నీళ్ళు మధ్య కమాను నిండా పోతున్నాయి. అన్నేళ్ళుగా లారీల బరువు మోసిన ఇటుకలు అవి. వాటికి శిథిలమని పేరు పెట్టినది నేను.

పైకొచ్చి సూపర్‌వైజరుతో, "పని ఆపండి" అన్నాను.

"ఆర్డరు ఉందా మేడం?"

"లేదు. సారు కోర్టులో ఉన్నారు."

అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించాడు. "నా దగ్గరుండేది మీ ఆఫీసు కాగితమే గదా. దీంట్లో పగలగొట్టమని ఉండాది. మీరొచ్చి వద్దంటే నేను మా ఓనరుకు ఏం చెప్పేది?"

ఆ కాగితం కింది మూల నా పొట్టి సంతకం ఉంది. దాని మీద వేలు పెట్టాను. "ఇది నేనే రాశాను. తప్పు రాశాను. పడగొట్టాల్సిన వంతెన ఇది కాదు, ఇంకోటి. చూడకుండా రాశాను."

ఆ మాట బయటకు అనడం అదే మొదలు. పొక్లెయిన్ డ్రైవరు కూడా ఇంజను ఆపి చూస్తున్నాడు. సూపర్‌వైజరు నా మొహం వంక, మేస్త్రి వంక చూశాడు.

"భోజనాలయ్యేదాకా ఆపుతా అక్కా. రెండు గంటల దాకా. అప్పటికి సారుతో ఫోన్ చేయించండి. ఆ పైన నా చేతిలో లేదు."

అక్కడే ఉండి కాపలా కాయాలా, రెండో వంతెనకు పోవాలా? నేను పోతే అతను మాట మీద నిలుస్తాడని నమ్మకం లేదు. మేస్త్రిని అక్కడ ఉంచి పోదామంటే, పగిలిన వంతెన ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. "ఇటుకలు పోతే పోనీ మా. ఆ వంతెన మింద మనుషులు పోతాండారు" అన్నాడు మేస్త్రి. బండి తీశాను.

ఆ రోడ్డు మీద మైలురాళ్ళు ఎప్పుడో పోయాయి. కొన్ని తారు కింద పూడాయి, కొన్నింటిని జనం పెరుక్కుపోయారు. మేస్త్రి వెనక నుంచి, "రవ్వంత మెల్లగా, రవ్వంత మెల్లగా" అంటూ, నాకు తొమ్మిదో రాయి చూపించాలని పొలాల వంక చూస్తున్నాడు. ఒక పల్లె మొదట్లో భుజం తట్టి ఆపాడు. రోడ్డు పక్క ఇంటి ముందు ఒకామె నున్నటి రాయి మీద బట్టలు ఉతుకుతోంది. సగం దాకా భూమిలో పూడిన రాయి.

"ఆ చీర రవ్వంత ఎత్తమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆమె వింతగా చూసి ఎత్తింది. ఆయన దోసిట్లో నీళ్ళు తీసుకుని సబ్బు నురగ కడిగాడు. రాతిలో చెక్కిన ఇంగ్లీషు తొమ్మిది, దాని కింద తెలుగు అంకె ౯. పక్కన "నె" అని ఉంది, నెల్లూరుకు గుర్తు. నా చిన్నప్పుడు తెలుగు అంకెలు నేర్పించి మర్చిపోనిచ్చారు. ఒక రాయి మీద చూసి చదువుకోవాల్సిన అవసరం అప్పుడు పడింది.

అక్కడి నుంచి స్కూటీ మీటరు చూసుకుంటూ ఎనిమిది వందల మీటర్లు పోయాను. మేస్త్రి నాకంటే ముందే, "ఇదే" అన్నాడు. నాకేమీ కనిపించలేదు. పైన తారు, రెండు పక్కలా సర్కారు తుమ్మ కంప. అక్కడ వంతెన ఉందనే తెలియదు. కంప తప్పించుకుంటూ కిందికి దిగాం. నీళ్ళు నా తొడల దాకా వచ్చాయి, ఎర్రగా, జోరుగా ఉన్నాయి. నాకు ఈత రాదు. ఒక చేత్తో మేస్త్రి భుజం పట్టుకుని కమాను కింద తల పెట్టాను.

పగులు ఈ మొన నుంచి ఆ మొన దాకా ఉంది. నా అరచెయ్యి నిలువుగా లోపలికి దూరింది. తూర్పు పక్క ఇటుకలు బుట్టెడు రాలిపోయి, పైన మట్టి, తారు అడుగు కనిపిస్తున్నాయి. అంతలో పైన చప్పుడు. ఏదో వ్యాను వస్తోంది. "ఇవతలికి రా మా!" అని మేస్త్రి నన్ను గుంజాడు. వ్యాను దాటుతుంటే కమాను లోపల పిండి కొట్టినట్టు సున్నం రాలింది. ఒక ఇటుక జారి నేను నిలబడిన చోట నీళ్ళలో పడింది.

గట్టెక్కి సారుకు మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. పోలీసు స్టేషనుకు చేస్తే మనిషిని పంపుతామన్నారు, ఎప్పుడని చెప్పలేదు. టైము ఒకటిన్నర. స్కూలు బస్సు ఎప్పుడొస్తుందని ఆ పల్లె ఆమెనే వెనక్కి పోయి అడిగాను. నాలుగు గంటలకు అంది. "యాభై మంది ఎక్కుతారు మా, అవతలి పల్లెలో ఉండే మా చెల్లెలి పాప కూడా అందులోనే పోతాది" అంది. ఆ చీర అక్కడే వదిలేసి నా వెంట వచ్చింది.

ముగ్గురం కలిసి తుమ్మకంప కొట్టి రోడ్డుకు అడ్డంగా వేశాం. ఆమె ఇంటి నుంచి కొడవలి తెచ్చింది. అవతలి పక్క కూడా వెయ్యాలి కదా. ఆ వంతెన మీదే నడిచి అవతలికి పోయాను. ఇరవై అడుగులు. వచ్చేటప్పుడు మళ్ళీ ఇరవై. అంత దూరం నేను ఎప్పుడూ నడవలేదు.

తర్వాత రెండు గంటలు జనంతో పోట్లాటే. మొదట చేపల ఆటో వచ్చింది. తీరం పల్లె ఆడవాళ్ళు అయిదుగురు, గంపలతో. "ఐసు కరిగిపోతాంది, కంప తియ్యి" అని ఒకామె దిగి తనే లాగబోయింది. మేస్త్రి కంప మీదే కూర్చున్నాడు. మోటారు సైకిళ్ళ వాళ్ళు, "ఎవరు నువ్వు? నీకేం అధికారముంది?" అన్నారు. నాకు అధికారం లేదు. ఆ మాటే చెప్పాను. "నాకేమీ అధికారం లేదు. కిందికి దిగి చూడండి. చూసినాక పోతానంటే నేనే కంప తీస్తాను." దిగిన వాళ్ళెవరూ మళ్ళీ పోతాననలేదు. దిగని వాళ్ళు తిట్టారు. టైము రెండు దాటిపోవడం నేను గమనిస్తూనే ఉన్నాను. ఆరు కిలోమీటర్ల అవతల పొక్లెయిన్ లేచి ఉంటుంది. అటు చెవి పెట్టి వింటే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

మూడుంపావుకు నా ఫోను మోగింది. సారు. కోర్టు బయట నుంచి. జరిగింది వరసగా చెప్పాను, మెత్తబరచకుండా.

"మీరు అక్కడికి వెళ్ళి చూడలేదా, మేడం, జాబితా రాసేటప్పుడు?"

"లేదు సార్."

"టిక్కు ఉంది కదా."

"పెట్టాను సార్. వెళ్ళలేదు."

"బస్సును మాత్రం పోనివ్వకండి. నేను వస్తున్నా" అన్నారు. మొదటి వంతెన సంగతి గుర్తు చేసేలోపు లైను కట్టయింది.

బస్సు నాలుగుకు అయిదు నిమిషాల ముందే వచ్చింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. కిటికీల నిండా పిల్లల తలకాయలు. "రోజూ పోయే దారే గదా! చుట్టూ పోవాలంటే గంట పడతాది!" అని అరిచాడు. "ఒక్కసారి దిగి చూడన్నా" అన్నాను. అతను ఇంజను ఆపకుండా దిగి, గట్టు మీద నుంచే తొంగి చూసి, ఏమీ కనిపించక నా మీద ఇంకా గట్టిగా అరవబోయాడు. మేస్త్రి అతని చెయ్యి పట్టుకుని, పసివాణ్ణి దించినట్టు నీళ్ళలోకి దించాడు.

పైకొచ్చాక ఆ డ్రైవరు పోయి ఇంజను ఆపాడు. "పొద్దున కూడా ఈ పిల్లకాయలతోనే వచ్చినా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

బస్సు తిప్పడానికి చోటు లేదు. రెండు పక్కలా పొలం, నానిన గట్టు. పిల్లలందరినీ దింపి రోడ్డు మధ్య వరసగా నిలబెట్టాం. బట్టలుతికే ఆమె తన చెల్లెలి కూతురిని వెతికి పట్టుకుని, మిగతా పిల్లల్ని కూడా కదలనివ్వకుండా నిలబెట్టింది. ఖాళీ బస్సును డ్రైవరు వెనక్కి నడిపాడు. మేస్త్రి వెనక నడుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఒకచోట ఎడమ చక్రం కింద గట్టు జారింది. బస్సు పొలం వైపు వంగింది. పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు. మేస్త్రి పక్కకు దూకలేదు. అరచెయ్యి చూపించి ఆపి, అక్కడే పడి ఉన్న తుమ్మ మొద్దును చక్రం కింద కాలితో తోసి, "ఇప్పుడు రా. మెల్లగా రా" అన్నాడు. పల్లె దాకా అలాగే పోయి, అక్కడ తిప్పుకున్నాడు. పిల్లలు వాన నీళ్ళలో నడిచి పోయి ఎక్కారు. కొందరికి అదొక ఆటలా ఉంది. నేను మాత్రం రోడ్డు మీదే కూర్చున్నాను.

సారు పొద్దుగుంకే వేళకు ఒక కానిస్టేబులును వెంటబెట్టుకుని వచ్చారు. కోర్టుకు వేసుకున్న తెల్లచొక్కాతోనే కమాను కిందికి దిగారు. టార్చిలైటు వెలుగు అటూ ఇటూ తిరగడం పైనుంచి చూశాను. ఎక్కి వచ్చి, బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "నా సంతకమూ ఉంది కదా" అని మాత్రం అన్నారు.

తిరిగి మూడు కమానుల దగ్గరికి పోయేసరికి మసకచీకటి. నేను ముందే మనసు రాయి చేసుకున్నాను. పడమటి పిట్టగోడలో మిగిలిన సగం కూడా నాని వాగులోకి జారిపోయింది. కానీ కమానులు మూడూ నిలబడి ఉన్నాయి. పొక్లెయిన్ చెయ్యి ముడుచుకుని పక్కన పెట్టి ఉంది. సూపర్‌వైజరు చెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"రెండు దాటినాక ఓనరు రెండుసార్లు ఫోన్ చేసినాడు అక్కా. మిషను పైపు పగిలింది, నూనె కారిపోతాంది, మెకానిక్కు రావాల అని చెప్పినా" అన్నాడు. "మీరు మీ తప్పు ఒప్పుకున్నారు గదా. అట్ట చెప్పేవాళ్ళను నేను చూళ్ళా. ఒక పూట అబద్ధం చెబితే పోయేదేముందిలే అనుకున్నా."

అతని పట్టా మీద నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

పగిలిన వంతెనను మరుసటి వారం అదే మిషను పెట్టి తీశారు. బకెట్ పళ్ళు తూర్పు అంచుకు తాకాయో లేదో, కమాను మొత్తం ఒక్క ఊపున నీళ్ళలోకి దిగిపోయింది. డ్రైవరు ఉలిక్కిపడి మిషను వెనక్కి తీశాడు. ఆ రోజు నన్ను తిట్టిన చేపలామె కూడా గుంపులో ఉంది. నా వంక చూసి తల తిప్పుకుంది. కాసేపాగి వచ్చి, నా పక్కన నిలబడింది.

నాకు మెమో వచ్చింది. ఎందుకు చర్య తీసుకోకూడదో వివరించమన్నారు. ఇంట్లో మా ఆయన, జిరాక్సు తప్పని రాయమన్నాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు. కానీ నేను స్థలానికి వెళ్ళలేదని, వెళ్ళినట్టు టిక్కు పెట్టానని రాసి ఇచ్చాను. దాని కింద సారు తన చేత్తో, "నేనూ వెళ్ళలేదు" అని రాసి పంపారు. ఇద్దరికీ మందలింపు పడింది. నా సర్వీసు పుస్తకంలో అదొక్కటే ఎర్రగీత.

సారు అంతటితో ఊరుకోలేదు. మూడు కమానుల వంతెనను ఉంచాలని, కొత్త రోడ్డును పక్కకు వంచాలని ఒక ప్రతిపాదన పెట్టారు. పాత రోడ్డు మీద మిగిలిన వంతెనలు, మైలురాళ్ళు అన్నీ ఎక్కడున్నాయో చూసి రాయాలని కూడా పెట్టారు. పైనుంచి ప్రశ్నలు, ఎదురు ప్రశ్నలు. ఏడాదికి పైగా పట్టింది. చివరికి వంతెన వరకు ఒప్పుకున్నారు. ఇప్పుడు దాని మీద నడిచేవాళ్ళు, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు పోతాయి. బరువు బండ్లన్నీ పక్కన కట్టిన కొత్త వంతెన మీద. పడిపోయిన పిట్టగోడను సిమెంటుతో కడుతుంటే మేస్త్రి పోయి పోట్లాడి, సున్నంతో కట్టించాడు. రోడ్డు పొడవునా ఉన్న చింతచెట్లను కాపాడలేకపోయాం. అవి ఒక్క వారంలో పోయాయి.

రాళ్ళు వెతికే పనికి మంజూరు రాలేదు, దాన్ని నేనే అడిగి తీసుకున్నాను. ఆదివారాలు నేనూ మేస్త్రీ బండి మీద పోయేవాళ్ళం. ఒకటి గేదెను కట్టేసే గుంజగా దొరికింది. ఒకటి పంటకాలువ మీద అడ్డం పడేసి ఉంది. ఒకదానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, ఎదురుగా కొబ్బరిచిప్పలు పోగేసి ఉన్నాయి. "తీసకపోతారా?" అని ఆ ఇంటి ముసలామె భయంగా అడిగింది. లేదమ్మా, ఇక్కడే ఉంటుంది, ఉందని రాసుకుంటున్నాం అన్నాను. ఆమె పసుపును కొంచెం తుడవనిచ్చింది, అంకె చూసుకునేటంత.

అలా తిరిగేటప్పుడు ఒక ఆదివారం, మూడు కమానుల వంతెన మీద కూర్చుని చద్దన్నం తింటున్నాం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట అడిగాను.

"ఆ పగులు మీకు ముందే తెలుసు కదా మేస్త్రీ. ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన తినడం ఆపాడు.

"నేను పనిలో ఉండంగానే చూసినా. రిజిస్టర్లో రాయించింది నేనే. ఆ పొద్దు ఉన్న సారు రాసుకున్నాడు. పోయినాడు. తరువాత వచ్చినాయనకు చెప్పినా. ఆయనా పోయినాడు. మూడో ఆయన, నీకెందుకయ్యా, గుంటలు పూడ్చుకో అన్నాడు. అప్పుటి నుంచి చెప్పేది మానేసినా. బస్సు దాని మింద పోయినప్పుడల్లా ఇంట్లో కూసోని వింటా ఉండినా మా. మా ఇల్లు ఆ పక్కనే గదా. ఇన్నేళ్ళు విన్నా. మంచి వంతెనను కొడతాండారని తెలిసినాకనే నాకు రోషం వచ్చింది. మనుషులు పోతాండారని రాలా."

ఆయనను ఓదార్చే అర్హత నాకుందనిపించలేదు. రికార్డు గదిలో నేను కూర్చున్న ఆ కొద్దిసేపటి సంగతి ఆయనకు చెబుదామని నోటి దాకా వచ్చి, ఆగిపోయింది.

ఆయన గిన్నె కడిగి, కండువా దులుపుకుని లేచాడు. "ఎనిమిదో రాయి ఇంకా చూడాల. పొద్దు పోతాంది, బండి తియ్ మా."

ఎనిమిదో రాయి ఇంతవరకు దొరకలేదు.